పిడి ఎవరిది? - కత్తి, కొమ్ము, కులం

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే నాలుగు పేర్లే ఎక్కువగా వినబడతాయి: ముసుగు రెబెక్కా, గంటలు కొట్టే గడియారం, జహంగీరు బాకు, నూర్జహాన్ పండ్ల కత్తి. ఈ చివరి రెండింటిలో జనం చూసేది అలుగును కాదు, పిడిని. పచ్చటి జేడ్ రాయి, దాంట్లో పొదిగిన రత్నాలు. గైడు కూడా పిడి గురించే చెప్తాడు. నూర్జహాన్ ఆ కత్తితో పండు కోసిందా, ఎవరో కోసిపెడితే తిన్నదా అనేది వేరే సంగతి.

కాబట్టి చరిత్ర పిడిని పట్టించుకోలేదని మేం అనబోవడం లేదు. పట్టించుకుంది. రాయిదైతే పట్టించుకుంది. దంతానిదైతే పట్టించుకుంది. పిడి బర్రె కొమ్ముదో, గొడ్డు బొక్కదో అయిన చోట మాత్రం చరిత్రకారుడి చూపు చటుక్కున అలుగు మీదికి జారిపోతుంది. అలుగు దగ్గర ఉక్కు ఉంది, కొలిమి ఉంది, డమాస్కస్ పేరుంది. పిడి దగ్గర ఏముంది? చచ్చిన గొడ్డు ఉంది. దాన్ని ఈడ్చుకెళ్లిన మనిషి ఉన్నాడు. ఈ వ్యాసంలో మేం మాట్లాడదలచుకున్నది ఆ మనిషి గురించి. అయితే నేరుగా అక్కడికి పోలేం. ముందు పిడి ఎట్లా తయారవుతుందో తెలియాలి. చేతిపని తెలియకుండా చేతి చరిత్ర రాయబోయి మన మేధావులు చాలాసార్లు బోర్లాపడ్డారు. వాళ్లలో మేమూ ఉన్నాం.

అలుగుకు పిడి తొడగడంలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది మన ఊళ్లల్లో అందరికీ తెలిసిందే. కొడవలి చూడండి. అలుగు చివర సన్నటి తోక ఉంటుంది. కట్టె పిడికి బెజ్జం వేసి, ఆ తోకను ఎర్రగా కాల్చి దిగగొడతారు. కట్టె పగలకుండా మూతికి ఇనుప పొన్ను వేస్తారు. విలువైన కత్తులకైతే పిడిలోపల కరిగించిన లక్క పోసి తోకను పట్టిస్తారు. మొగలుల బాకులకు జేడ్ పిడులు పట్టించింది కూడా దాదాపు ఈ తీరుగానే.

రెండోది బద్దల పద్ధతి. ఇక్కడ అలుగు తోక సన్నగా ఉండదు, పిడి ఎంత వెడల్పో అంతే వెడల్పుగా, పల్చగా ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి రెండు బద్దలు పెట్టి, అడ్డంగా చీలలు దించి, రెండు వైపులా చీల తలలు అణగగొడతారు. బద్దలు కట్టెవి కావచ్చు, కొమ్మువి కావచ్చు, బొక్కవి కావచ్చు. పిడిలోకి మడిచే పాత క్షౌరం కత్తికీ ఇట్లా రెండు బద్దలే ఉంటాయి, ఒకే ఒక్క చీల మీద తిరుగుతూ.

ఈ రెండో పద్ధతిలో బయటివాళ్లకు కనబడని పని ఒకటుంది. బద్దల్ని ఒకేసారి శాశ్వతంగా బిగించరు. ముందు తాత్కాలికంగా బిగిస్తారు. ఎందుకంటే పనిలో ఒక వరస ఉంది, అది తప్పితే కత్తి పాడైపోతుంది. అలుగును ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరిచాక దానికి బెజ్జం వేయడం కష్టం, బర్మా దిగదు. కాబట్టి తోకకు బెజ్జాలు ముందే, ఇనుము మెత్తగా ఉన్నప్పుడే వేయాలి. కానీ బద్దల్ని ముందే పెట్టడానికి లేదు, నిప్పుల్లో కట్టె కాలిపోతుంది, కొమ్ము కమిలిపోతుంది. అందుకని అలుగు పని ముగిసి, అది చల్లారినాకే బద్దలు వస్తాయి. ఒక బద్దను తోకకు ఆనించి, ఇనుములో ఉన్న బెజ్జంలోంచే బద్దకు బెజ్జం వేస్తారు. వెంటనే ఆ బెజ్జంలో ఒక తాత్కాలికపు చీల దూరుస్తారు. వేలితో తోస్తే పోయేటట్టు, వేలితో లాగితే వచ్చేటట్టు ఉండాలి. ఆ చీల ఉంటేనే బద్ద కదలదు, రెండో బెజ్జం సూటిగా పడుతుంది. రెండో బెజ్జంలో రెండో చీల. ఇవతలి బద్దకూ అంతే.

తర్వాత అలుగును పక్కనబెట్టి, రెండు బద్దల్నే ఒకదానికొకటి ఆనించి అవే చీలలతో కలుపుతారు. అలుగు వైపు ఉండే అంచును ఇక్కడే చెక్కి, రాకి, నున్నగా చేసెయ్యాలి. ఒకసారి శాశ్వతంగా బిగించాక ఆ అంచు దగ్గర ఆకురాయి పెడితే అలుగు మీద గీతలు పడతాయి. మళ్లీ విప్పి, మళ్లీ అలుగుకు తొడిగి, అప్పుడు పిడి రూపం చెక్కుతారు. పట్టుకొని చూస్తారు. అరచేతిలో ఎక్కడ ఒత్తుకుంటుందో అక్కడ తీస్తారు. మళ్లీ విప్పుతారు. అన్నీ సరిపోయినాయని నమ్మకం కుదిరినాకే లక్కో బంకో పూసి, అసలు చీలలు దించి, తలలు కొడతారు. తాత్కాలికపు చీలలు మళ్లీ డబ్బాలో పడతాయి, ఇంకో కత్తికి.

ఈ బిగించడం విప్పడం ఎన్నిసార్లనేది బద్ద దేనితో చేసిందో దాన్నిబట్టి ఉంటుంది. ఎండిన కట్టె మాట వింటుంది. కొమ్ము వినదు. కొమ్ము గాలిలో తేమను పీల్చుకుంటుంది, ఎండకు వంకర తిరుగుతుంది. నిన్న సరిపోయిన బెజ్జం రేపు సరిపోకపోవచ్చు. అందుకే కొమ్ము బద్దల్ని కోసి చాలాకాలం ఆరబెట్టి ఉంచాలి. తొందరపడి బిగిస్తే కొంతకాలానికి బద్ద లేచిపోతుంది, లేకపోతే చీల దగ్గర చిట్లుతుంది. కొమ్ము గుణం తెలిసినవాడే కొమ్ము పిడి చేయగలడు.

మరి కొమ్ము గుణం అందరికన్నా ముందు తెలిసింది ఎవరికి?

కొమ్ము అంటే మనకు బయట కనబడేది ఒక తొడుగు మాత్రమే. లోపల తల బొక్కలోంచి పెరిగిన గూడ ఉంటుంది. గొడ్డు చచ్చినాక ఈ తొడుగు వెంటనే ఊడిరాదు. తొడుగుకూ గూడకూ మధ్యనున్న పొర కుళ్లాలి. దానికోసం కొమ్ముల్ని నీళ్లలోనో తడిమట్టిలోనో రోజుల తరబడి నానబెడతారు. పొర కుళ్లినాక కొట్టి, తిప్పి, లాగుతారు. ఆ వాసన ఎట్లా ఉంటుందో రాయడానికి మా దగ్గర మాటలు లేవు, ఉన్నా రాయం. వాసన గురించి రాసి రాసే కదా అగ్రవర్ణ రచయితలు మాదిగవాడను సాహిత్యంలోకి తెచ్చింది. మేం చెప్పదలచింది వేరే: ఇది జ్ఞానం. ఎన్నాళ్లు నానాలి, ఎండాకాలం ఎంత, వానాకాలం ఎంత, ఎక్కువ నానితే తొడుగు ఎట్లా పాడవుతుంది, ఇవన్నీ చేసి తెలుసుకున్నవి.

ఊడిన తొడుగులో కొన భాగం గట్టిది, నిండుగా ఉంటుంది. మొదలు వైపు డొల్ల. డొల్ల భాగాన్ని రంపంతో పొడుగునా కోసి, వేడినీళ్లలో మరిగించో నిప్పు సెగకు కాచో మెత్తబరచి, విప్పి, బరువు కింద అణిచిపెడితే బల్లపరుపు బద్ద అవుతుంది. బర్రె కొమ్మయితే నల్లగా నిగనిగలాడుతుంది. కత్తి చేసేవాడి చేతికి వచ్చేది ఈ బద్ద. అప్పటికి దానికి వాసన లేదు, కులమూ లేనట్టే ఉంటుంది.

పల్లెల్లో చచ్చిన గొడ్డు మీద హక్కు మాదిగలదని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. హక్కు అనే మాటను మేం ఇక్కడ కొంచెం అనుమానంగా చూస్తాం. గొడ్డును ఈడ్చుకుపోయే బాధ్యత వాళ్లది, దానికి బదులుగా ఊరికి చెప్పులు, మోట బొక్కెనలు, పగ్గాలు, పట్టెడలు కుట్టిపెట్టాల్సిన బాధ్యతా వాళ్లదే. కల్లంలో కొలిచే మేర దానికి ప్రతిఫలమన్నారు. హక్కంటే వద్దనుకుంటే వదిలేసుకునే వీలుండాలి. ఆ వీలు లేదు. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చి మోట పోయినాక మోటతోపాటు పోయింది మేరే. గొడ్డును ఈడ్చే పని మాత్రం చాలాచోట్ల పోలేదు.

ఇంకో సంగతి. తోలు పని అనంగానే మా కళ్లముందు కూడా ఆరె, రంపె పట్టుకున్న మగవాడే కనబడతాడు. తంగేడు చెక్క దంచింది, లందకు నీళ్లు మోసింది, బద్దలు ఎండబెట్టి కాపలా కాసింది ఎవరని ఒక మాదిగ తల్లి అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం నిండా 'వాడు', 'అతను' అని రాసుకుంటూ పోవడం మా అలవాటు దోషం.

ఇక కొలిమి దగ్గరికి వద్దాం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు ఉక్కు చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. 1820ల మొదట్లో వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు, భూగర్భ శాస్త్రం తెలిసినవాడు, అక్కడ మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి చూసి రాసి పెట్టాడు. అతను చనిపోయాక 1832లో కలకత్తాలో అది అచ్చయింది. ఇరాన్ నుంచి వ్యాపారులు వచ్చి ఆ ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవాళ్లు. డమాస్కస్ కత్తుల పేరుతో ప్రపంచమంతా మెచ్చుకున్న కత్తులకు ఈ తెలంగాణ ఉక్కు కూడా ముడిసరుకు. ఇదంతా నిజం, గర్వించదగ్గ నిజం. ఈమధ్య ఈ గర్వం పెరిగింది కూడా. పుస్తకాలొస్తున్నాయి, సెమినార్లు జరుగుతున్నాయి.

మా ప్రశ్న చిన్నది. ఇనుము కరగాలంటే మంట చాలదు, ఆగకుండా గాలి కావాలి. గాలి తిత్తులు ఇస్తాయి. తిత్తి తోలుది. తోలు ఊనింది ఎవరు, కుట్టింది ఎవరు? తిత్తి లేకుండా కమ్మరి లేడు, ఉక్కు లేదు, డమాస్కస్ లేదు. ఊరి కొలిమిలో కూడా అంతే. కొడవలి కక్కు పెట్టించుకోవడానికి వచ్చిన మాదిగ కొలిమి బయట నిలబడాలి, అతని తాత తోలుతో చేసిన తిత్తి లోపల కమ్మరి పక్కనే ఉండొచ్చు. తోలుకు అంటు లేదు. తోలు ఊనినవాడికి ఉంది.

దీన్ని కమ్మరికీ మాదిగకూ తగాదాగా ఎవరూ చదవొద్దు. కమ్మరి కూడా ఊరి మేర మీద బతికినవాడే, ఆయగాడే. కడుపు నిండినవాడు కాదు. కానీ ఉత్పత్తి కులాలన్నీ ఒకటే అని ఒక్క మాటలో తేల్చేసే మిత్రులతో మాకు పేచీ ఉంది. అంబేడ్కర్ 1936లోనే చెప్పిన విషయం, కులం పనిని విభజించడంతో ఆగదు, పనిచేసేవాళ్లనే మెట్లుమెట్లుగా విడగొడుతుందని. ఒక కత్తిలో అలుగు ఒక మెట్టు, పిడి ఇంకో మెట్టు, ఒర ఇంకో మెట్టు. కత్తిలో అవి కలిసే ఉంటాయి, వాటిని చేసినవాళ్లు కలిసి కూర్చోరు.

పని విడిపోవడం వేరే దేశాల్లోనూ ఉంది. మధ్యయుగాల లండన్‌లో అలుగు కొట్టేవాళ్లు, పిడి బిగించేవాళ్లు, ఒర కుట్టేవాళ్లు వేర్వేరు వృత్తులు. కట్లర్లు వాళ్లందరి మీదా పెత్తనం సంపాదించి 1416లో రాజు దగ్గర సనదు తెచ్చుకున్నారు. షెఫీల్డ్‌లో 1624లో పార్లమెంటు చట్టంతో కట్లర్ల కంపెనీ ఏర్పడింది. అక్కడ కూడా ఒకడు సాగగొడితే ఇంకొకడు సానబెట్టేవాడు, మరొకడు పిడి వేసేవాడు. కొమ్మును వేడిచేసి అచ్చులో నొక్కి బద్దలు చేయడమే ఒక వృత్తి. సానబెట్టేవాళ్లు రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడి నడివయసుకు ముందే చచ్చిపోయేవాళ్లు. ఆ బతుకులు సుఖమైనవని మేం అనం. అయితే అక్కడ కొమ్ము బద్దలు నొక్కేవాడు చావడిలో అందరి మధ్యా కూర్చొని తాగాడు, సంఘం పెట్టుకున్నాడు, అతని కొడుకు వేరే పనిలో చేరాడు. అతని చేతి నీళ్లు ఎవరూ వద్దనలేదు.

ఆ షెఫీల్డ్ పిడులకు కొమ్ము ఎక్కడిది? చాలా భాగం ఇండియా నుంచి ఓడల్లో పోయిన బర్రె కొమ్ములు, దుప్పి కొమ్ములు. అంటే మన వెలివాడ పక్కన గుంటలో నానిన కొమ్ము షెఫీల్డ్‌లో బద్దయి, ఇంగ్లీషు దొర భోజనాల బల్ల మీద కత్తి పిడి అయి కూర్చుంది. దొర దాన్ని చేత్తో పట్టుకొనే అన్నం తిన్నాడు.

తెల్లదొరలు చేతిపనుల మీద పుస్తకాలు రాయించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1901లో థర్‌స్టన్ దంతపు పని మీద రాశాడు, 1904లో చాటర్టన్ తోళ్లు ఊనడం, తోలు పని మీద రాశాడు. పనికొచ్చే పుస్తకాలే, మేమూ వాడుకుంటున్నాం. కానీ ఒక్కో సరుకుకు ఒక్కో పుస్తకం అనేసరికి గొడ్డు ముక్కలయిపోయింది. తోలు ఒక లెక్కలో, కొమ్ము ఒక లెక్కలో, బొక్కలు ఎరువు లెక్కలో. గొడ్డు మొత్తాన్ని ఎత్తుకెళ్లిన మనిషి ఏ లెక్కలోనూ పూర్తిగా లేడు. విశాఖపట్నంలో కంసాలులు దంతంతో, కొమ్ముతో చేసిన పెట్టెలు లండన్ మ్యూజియంలో ఉన్నాయి. కంసాలి నేర్పు గొప్పదే. పెట్టెకు కొమ్మునిచ్చినవాళ్ల పేరు చీటీ మీద ఉండదు, కులం పేరు కూడా ఉండదు.

అలుగును కొలవడంలో ప్రభుత్వానిది కూడా ఇదే చూపు. 1959 ఆయుధాల చట్టం కింద 1962లో వచ్చిన నిబంధనలు 9 అంగుళాలకన్నా పొడుగు, లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు ఉన్న అలుగును ఆయుధాల జాబితాలో పెట్టాయి. 2016లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. పాత నిబంధనల్లో ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు వాడేవాటికి మినహాయింపు ఉంది. మినహాయింపు ఉండాల్సిందే, లేకపోతే కూలివాడి కొడవలికీ లైసెన్సు అడుగుతారు. కానీ 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు భూస్వాముల చేతుల్లో ఉన్న గొడ్డళ్లు ఏ జాబితాలోవి? వ్యవసాయ పనిముట్లే. పనిముట్టు ఎప్పుడు ఆయుధమవుతుందో అలుగు పొడుగు చెప్పదు. పిడి ఎవరి చేతిలో ఉందో అది చెప్తుంది. మాదిగ చేతిలో రంపె పొద్దంతా ఉంటుంది, దాంతో అతను తోలునే కోశాడు.

ఇక్కడ మా మిత్రులు కొందరు ఒక వాదన తెస్తారు. తోలూ కొమ్మూ ఇంత విలువైనవని మీరే అంటున్నారు కదా, మరి ఆ వృత్తిని కాపాడుకోవాలి కదా, వృత్తి గౌరవం పెంచాలి కదా అని. కంచ ఐలయ్య తోలు పనివాళ్లను శాస్త్రవేత్తలుగా చూపించినప్పుడు మాకు సంతోషం కలిగింది. ఆ జ్ఞానానికి పేరు పెట్టాల్సిందే. కానీ జ్ఞానాన్ని గుర్తించడం వేరు, ఆ పనికి మనిషిని కట్టెయ్యడం వేరు. ఈ తేడాను అంబేడ్కర్ ఎంత సూటిగా చెప్పాడో చూడండి. 1927 మార్చిలో మహాడ్‌లో ఆయన చచ్చిన గొడ్డును మొయ్యడం, దాని మాంసం తినడం మానెయ్యమన్నాడు. దానికి అవతలివాళ్లు లెక్కలు కట్టారు. తోలుకింత, కొమ్ములకింత, గిట్టలకింత, బొక్కలకింత, కలిపితే ఏడాదికి వందల రూపాయలు, మహార్లు ఈ ఆదాయం పోగొట్టుకుంటున్నారని కేసరి పత్రికలో ఉత్తరం వచ్చింది. 1956 అక్టోబరు 15న నాగపూర్ ఉపన్యాసంలో ఆయన ఈ సంగతి గుర్తుచేసుకున్నాడు. అంత లాభముంటే ఆ పని మీరే చేసుకోండి, ఆ డబ్బు మీరే తీసుకోండి, కావాలంటే పైన మేమూ కొంత ఇస్తాం అన్నది ఆయన జవాబు సారాంశం. ముందుకొచ్చినవాళ్లు లేరు.

ఆ లెక్క కట్టినవాళ్ల దృష్టిలో కొమ్ముకు ధర ఉంది. గొడ్డు దగ్గరికి పోయే మనిషి మర్యాదకు ధర లేదు, అందుకే అది లెక్కలో పడలేదు. ఈరోజు వృత్తుల సంరక్షణ అంటున్నవాళ్లలో కూడా కొందరి లెక్క ఇదే తీరుగా ఉందని మా అనుమానం. చెప్పుల దుకాణానికి ఏసీ పెట్టినవాడి కులమేంటో, లంద దగ్గర మిగిలినవాడి కులమేంటో చూస్తే వృత్తి ఎవరికి సంరక్షించబడిందో తెలుస్తుంది.

ఆ పనిలో ఇంకా ఉన్నవాళ్ల సంగతేంటి? 2002 అక్టోబరు 15న హర్యానాలో ఝజ్జర్ దగ్గర దులీనా పోలీసు చౌకీ ముందు అయిదుగురు దళితుల్ని కొట్టి చంపారు. వాళ్ల దగ్గరున్నది ఆవు తోలు. 2016 జులైలో గుజరాత్‌లో ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని బట్టలిప్పి, బండికి కట్టి కొట్టారు. నెల తిరక్కముందే, ఆగస్టులో, మన అమలాపురంలో కరెంటు షాకు కొట్టి చచ్చిన ఆవు తోలు తీస్తున్న అన్నదమ్ముల్ని చెట్టుకు కట్టి కొట్టారు. వేల ఏళ్లు ఏ పని చెయ్యకపోతే కొట్టారో, ఇప్పుడు ఆ పని చేస్తే కొడుతున్నారు. అప్పుడు కొట్టిందీ ఇప్పుడు కొట్టిందీ ఒకే చెయ్యి.

ఊనా తర్వాత గుజరాత్ దళితులు సురేంద్రనగర్‌లో ఒక పని చేశారు. 1956లో అంబేడ్కర్ నోటిమాటగా చెప్పిన జవాబును వాళ్లు చేసి చూపించారు. చచ్చిన గొడ్లను బళ్ల మీద తెచ్చి కలెక్టరు ఆఫీసు ముందు దింపి వెళ్లిపోయారు. మీ తల్లి కదా, మీరే చూసుకోండి అన్నారు. ఆఫీసులో ఉన్నవాళ్లకు ఏం చెయ్యాలో తోచలేదు. ఎక్కడ పట్టుకొని లాగాలో కూడా వాళ్లకు తెలియదు. ఆ గొడ్ల తోలు వాటి ఒంటిమీదే ఉంది, కొమ్ములు వాటి తలలకే ఉన్నాయి.